మందు మానేసిన మూడు వారాలు

మార్చి 1

ఒరేయ్ డాక్టరూ,

నువ్వు ఆ దీవికి వెళ్లిన మూడు నెలలకి మొదటి ఉత్తరం వచ్చింది. అక్క ఒకతి ఉందని గుర్తున్నందుకు సంతోషం. వారానికి ఒక్క పడవే వస్తుందనీ, సరుకులూ ఉత్తరాలూ దించేసి గంటలో వెనక్కి పోతుందనీ రాశావు. ఇక్కడున్నప్పుడు నిన్ను నిద్ర లేపడానికే గంట పట్టేది. అక్కడ గంటలో ఉత్తరం చదివి జవాబు రాసే మొహమా నీది!

అద్దాల షెడ్లలో పురుగుల్ని పెంచి తోటలవాళ్లకి పంపుతారని, ఆ పురుగులు చెడ్డ పురుగుల్ని తింటాయని రాసింది చదివి, నేనూ మీ బావా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. చిన్నప్పుడు మిడత కాలికి అగ్గిపుల్లతో కట్టు కట్టినందుకు నీకు డాక్టరని పేరు పెట్టాం. మీ బావ దాన్ని నిజం చేసేశాడు. ఎవరడిగినా "మా బామ్మర్ది డాక్టరండీ, పెద్ద ల్యాబులో చేస్తాడు" అంటున్నాడు. నేను పక్కనే ఉండి కిక్కురుమనడం లేదు.

ఇక ఆయన సంగతి. ఇంటి కప్పు మీద దూలం బిగిస్తూ జారిపడి తలకి తగిలిన దెబ్బ పైకి మానింది. లోపల మానలేదు. నువ్వు వెళ్లాక రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. ఒకసారి వంటింటి గుమ్మంలో, ఒకసారి కలప డిపోలో అందరి ముందూ. ఆసుపత్రి డాక్టరు మాత్రలు రాశాడు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, ఏం జరిగినా ఒక్క పూట కూడా తప్పకూడదన్నాడు. అవి మొదలుపెట్టాక మళ్లీ రాలేదు. కానీ డిపోలో రంపం ముట్టుకోనివ్వడం లేదు. ఇరవై ఏళ్లు ఉలి పట్టిన మనిషి ఇప్పుడు పెరటి మెట్టు మీద కూచుని తన చేతులు తనే చూసుకుంటున్నాడు. చూడలేకపోతున్నాను రా.

ఏదో ఒక పని ఉండాలని చిక్కుడు పందిరి ఆయనకే అప్పగించాను. దానికేమో పేనుబంక పట్టింది. లేత కొమ్మ కనపడకుండా నల్లగా, జిగటగా. వారం వారం పంపు భుజాన వేసుకుని మందు కొడుతున్నాడు. మొన్న పక్కింటావిడ "మీ ఆయనేరీ" అంటే "పెరట్లో మందు కొడుతున్నాడండీ" అన్నాను. "పొద్దున్నే మొదలెట్టేశాడా!" అని ముక్కు మీద వేలేసుకుంది. లోపలికి వచ్చి చెబితే మీ బావ పడీ పడీ నవ్వాడు. ఆయన నవ్వి ఎన్నాళ్లయిందో.

కొట్టిన నాలుగు రోజులకే పేనుబంక మళ్లీ హాజరు. నీ పురుగుల్లో దీన్ని తినేవి ఉన్నాయా? ఉంటే మా ఇంటికి ఎలా రప్పించుకోవాలో రాయి.

ఒళ్లు జాగ్రత్త. తలకి నూనె రాసుకుంటున్నావా, లేదా?

అక్క

మార్చి 9

అక్కా,

ఈ ఉత్తరం ఇంట్లో కూచుని చదవకు. పందిరి కిందికి వెళ్లి చదువు.

బావకి దెబ్బ మానిందని రాశావు, చాలా సంతోషం.

ఇప్పుడు పేనుబంక. ఒక ఆకు తిప్పి అడుగున చూడు. చీమలు బారు కట్టి తిరుగుతున్నాయా? అవి పేనుబంకని మేపుకునే కాపరులు. పేనుబంక కార్చే తీపి కోసం దాన్ని కాపలా కాస్తాయి. ఇప్పుడు ఇంకో ఆకు తిప్పు. నల్లగా, ఒంటి మీద నారింజ చుక్కలతో, మొసలి పిల్లని చిటికెడంత చేసినట్టు ఉండే పురుగు కనిపిస్తుందేమో చూడు. చూడగానే నలిపెయ్యాలనిపిస్తుంది. నలిపేవు! అది అక్షింతల పురుగు పిల్ల. అదే, ఎర్ర రెక్కల మీద నల్ల చుక్కలుండే పురుగు. పెద్దయ్యేలోపు ఆ ఒక్కటే వందల పేనుబంకని తింటుంది. మనవాళ్లు అందంగా ఉన్న తల్లిని చేతి మీద ఎక్కించుకుని ఆడతారు, అనాకారిగా ఉందని పిల్లని చంపేస్తారు.

అవి రావాలంటే వాటికి ఇల్లులా ఉండాలి. కొత్తిమీర నాలుగు మొక్కలు పూతకి వదిలెయ్యి. ఆ చిన్న పువ్వులంటే చిన్న పురుగులకి ప్రాణం. పళ్లెంలో గులకరాళ్లు పోసి, రాళ్లు మునగకుండా నీళ్లు పెట్టు. దాహం వేస్తే రాళ్ల మీద కూచుని తాగుతాయి. గోడ మూల ఎండుటాకులు ఊడ్చెయ్యకు. నీకు చీపురు కనిపిస్తే చెయ్యి ఆగదని తెలుసు, ఆ ఒక్క మూల వదిలెయ్యి.

బావకి ఒక పని. ఒంటరిగా బతికే తేనెటీగలుంటాయి, తుట్టె కట్టవు, కుట్టవు. చిన్న చిన్న బొరియల్లో గుడ్లు పెట్టుకుంటాయి. పువ్వులు కాయలు కావాలంటే అవి కావాలి. దుంగ ముక్కల్లో జానెడు లోతున, పెన్సిలంత లావున చిల్లులు వేసి, ముక్కలన్నీ ఒక పెట్టెలో పేర్చాలి. వెనక మూసెయ్యాలి. చిల్లు లోపల నున్నగా ఉండాలి, పేడు లేచి ఉంటే రెక్కలు చిరిగిపోతాయి. పొద్దుటి ఎండ తగిలే గోడకి కొట్టాలి. బొమ్మ గీసి పంపుతున్నాను. బావ అరపూటలో చేసేస్తాడు.

ఇక్కడ నా పని ట్రేలు కడగడం, పిల్లల్ని ఒక ట్రేలోంచి ఇంకో ట్రేలోకి కుంచెతో మార్చడం. డాక్టరు గారి ల్యాబు అదీ! బావకి చెప్పకు, పాపం. మాట్లాడేవాళ్లు తక్కువ. నీ ఉత్తరం రాగానే పురుగుల గురించి అడిగావని చూసి ఎగిరి గంతేశాను. మన ఇంట్లో ఇన్నేళ్లకి ఒకరైనా అడిగారు.

నీ తమ్ముడు

తా.క. మందు మానే విషయం బావనడిగి రాయి. ఎంతకాలం వాడితే అంత అలవాటు పడిపోతుంది, తర్వాత అది లేకుండా నిలబడటం కష్టం. మానేముందు ఒక మాట చెబితే ఎలా మానాలో రాస్తాను.

మార్చి 21

ఒరేయ్ డాక్టరూ,

నువ్వు చెప్పిన మొసలి పిల్లలు రెండు దొరికాయి. ఇన్నాళ్లూ నేను చెప్పు కింద వేసి రాసిన జాతే అది. పాపం మూటగట్టుకున్నాను, ఇప్పుడు క్షమించమని పళ్లెంలో నీళ్లు పెట్టాను. మూల ఊడ్చడం లేదు. అటు వెళ్లినప్పుడల్లా చెయ్యి దురద పెడుతోంది.

నీ బొమ్మ చూడగానే మీ బావ మొహం వెలిగింది. "చూశావా, మా డాక్టరు నాకే చెప్పాడు పని" అని, డిపోకి వెళ్లి దుంగ ముక్కలు ఏరుకొచ్చాడు. రంపం లేకపోయినా చేతి బర్మా ఉంది కదా అన్నాడు. ముందు గదిలో గోనె పరిచి కూచున్నాడు. కానీ ఒరేయ్, చెయ్యి నిలవడం లేదు. మొదటి ముక్కకి తొమ్మిది చిల్లులు వేస్తే ఏడు వంకర పోయాయి. దారం పెట్టి కొలిచినట్టు పని చేసిన చెయ్యి రా అది. ఆ ముక్క తీసుకెళ్లి పొయ్యిలో పెట్టాడు.

మందు మానే విషయం బావనడిగి రాయమన్నావు. నువ్వే ఆ మాట ఎత్తావని తెలిసి ఆయనకి కొండంత బలం వచ్చింది. అడగక్కర్లేదు, ఎప్పట్నుంచో ఆయనదే పట్టు. చేతులు వణకడం ఆ మందు వల్లేనంటాడు. పొద్దునంతా మగత, కడుపులో తిప్పడం, మాట కూడా ముద్దగా వస్తోంది. అది ముట్టుకోని రోజుల్లో ఇవేవీ లేవు, నిజమే. నాకు మాత్రం భయం. మానేస్తే మళ్లీ వస్తుందేమోనని. అడగాల్సిన వాళ్లని అడుగుదామంటే "మీ తమ్ముడికంటే తెలిసినవాళ్లెవరున్నారు ఇక్కడ" అంటాడు. నేనూ గట్టిగా చెప్పాను, మా తమ్ముడు సరేనంటేనే, లేకపోతే లేదు అని.

కాబట్టి నువ్వు చెప్పు. మానొచ్చా? ఒక్కసారిగానా, మెల్లిగానా? మానితే ఏమవుతుంది? దాచకుండా రాయి.

నీ మాట కోసం ఇద్దరం కాచుకుని ఉన్నాం.

అక్క

మార్చి 26

అక్కా,

ఉత్తరం ఇప్పుడే అందింది. పడవ ఇంకా సరుకు దించుతోంది, మెట్ల మీదే కూచుని రాస్తున్నాను. వారం ఆగితే ఆలస్యమైపోతుంది.

వెంటనే మానెయ్యండి. వణుకు, మగత, కడుపులో తిప్పడం, అన్నీ దాని వల్లే. అనుమానమే లేదు. ఇక్కడ, ఇదివరకు పెద్ద తోటలో పనిచేసి వచ్చినతను ఉన్నాడు, అతనికీ ఇవే. మానేసిన వారానికి మామూలు మనిషయ్యాడు. మెల్లిగా కాదు, ఒక్కసారిగానే. సీసా ఇంట్లో ఉంచకు, ఉంటే చెయ్యి దాని మీదికే పోతుంది.

ఒక్కటే గుర్తుపెట్టుకో. మానగానే మొదట్లో అది ఎక్కువవుతుంది. రెండో వారం మరీ ఎక్కువ. చూసి హడలిపోయి మళ్లీ మందు జోలికి వెళ్లారో, చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరే. మూడు వారాలు పళ్లు బిగపట్టండి. ఆ తర్వాత లోపలి బలమే దాన్ని చూసుకుంటుంది. నన్ను నమ్ము.

పిలుస్తున్నారు.

తమ్ముడు

ఏప్రిల్ 5

మా డాక్టరు గారికి,

నీ నోట్లో చక్కెర పొయ్యాలి! సోమవారం నీ ఉత్తరం అందింది. ఆ సాయంత్రం నుంచే మానేశాం. సీసా తీసుకెళ్లి వీధి చివర చెత్తలో వేసి వచ్చాను. ఇల్లంతా మందు లేకుండా అయింది. పెరట్లో కూడా మానేశాం, పంపు మెట్ల కిందికి చేరింది.

నమ్మవు, నాలుగో రోజుకే వణుకు పోయింది. మగత లేదు. నాకంటే ముందు లేచి, ముందు గదిలో గోనె మీద కూచుని, బర్మా తిప్పుతూ కూనిరాగం తీస్తున్నాడు. నిన్నటికి అరవై చిల్లులు. ఒక్కటీ వంకర లేదు. ప్రతి చిల్లులోనూ గుడ్డ చుట్టిన పుల్ల పెట్టి నున్నగా చేస్తున్నాడు. నన్ను పిలిచి "వేలు పెట్టి చూడు, పేడు తగిలితే చెప్పు, రెక్క చిరుగుతుందట" అన్నాడు. నేను వేలు పెట్టి చూసి, వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను. సంతోషంతోనే.

డిపో యజమాని దారిలో కనిపిస్తే పెట్టె చూడ్డానికి రమ్మన్నాడట. చూసి మళ్లీ పనికి పిలుస్తాడని ఆశ. పిలుస్తాడు రా, ఆ చిల్లులు చూస్తే ఎవరైనా పిలుస్తారు.

నువ్వు ట్రేలు కడుగుతున్నావో, ఏం చేస్తున్నావో నాకు తెలియదు. మాకు మాత్రం నువ్వు డాక్టరువే.

అక్క

ఏప్రిల్ 13

అక్కా,

నీ ఉత్తరం షెడ్డులో అందరికీ చదివి వినిపించాను. వణుకు పోయిందన్న చోట ఒకాయన చప్పట్లు కొట్టాడు. అరవై చిల్లులు అన్నప్పుడు మా పర్యవేక్షకురాలు కళ్లజోడు సర్దుకుని "మీ బావగారిని ఇక్కడికి రమ్మనండి" అంది.

ఇప్పుడు రెండో వారం నడుస్తుంటుంది. బాగా ఎక్కువై ఉంటుంది. కంగారు పడకు, వదిలెయ్యి. ఎక్కువైతేనే తినేవాళ్లకి కబురు అందుతుంది. మూడో వారం చివర ఉన్నట్టుండి తగ్గుతుంది. ఒక పొద్దున లేచి చూస్తే ఉండదు. అది చూడ్డానికి నేనక్కడ లేనని బాధగా ఉంది.

అట్ట ముక్కకి అంటించిన గుడ్లు ఈ ఉత్తరంతో పంపుతున్నాను. పందిరి గుంజకి, నీడ పడేచోట కట్టు. నాలుగైదు రోజుల్లో పిల్లలవుతాయి.

నీ తమ్ముడు

ఏప్రిల్ 15

డాక్టరూ,

ఈ ఉత్తరం రేపటి పడవకి అందదని పోస్టాఫీసులో అన్నారు. అయినా రాస్తున్నాను. రాస్తే నీతో మాట్లాడినట్టుంటుంది.

నువ్వు చెప్పినట్టే అయింది. రెండో వారం దాటగానే ఎక్కువైంది. సోమవారం మధ్యాహ్నం ఒకసారి వచ్చింది, పెట్టెకి మేకు కొడుతుండగా. సుత్తి కాలి మీద పడింది. నిన్న రెండుసార్లు. రెండోది చాలాసేపు ఉంది. నాలుక కొరుక్కున్నాడు. తేరుకున్నాక కాసేపు నన్ను గుర్తుపట్టలేదు, "ఎవరమ్మా" అన్నాడు. నన్ను!

భయపడటం లేదు. అంటే, భయపడుతున్నాను గాని, నువ్వు ముందే రాశావు కాబట్టి ధైర్యం. నువ్వు చెప్పకుండా ఉంటే ఈపాటికి ఆసుపత్రికి పరిగెత్తేదాన్ని. వెళ్దామా అని ఒకసారి అన్నాను కూడా. మీ బావ నీ ఉత్తరం జేబులోంచి తీసి వేలు పెట్టి చూపించాడు. "మూడు వారాలు పళ్లు బిగపట్టమన్నాడు. ఇంకెన్ని రోజులు? అయిదు. అయిదు రోజులకి నన్ను మళ్లీ ఆ మగతలో పడేస్తావా?" అన్నాడు. నిజమే కదా అనిపించింది.

పెట్టె పూర్తయింది. రేపో ఎల్లుండో గోడకి కొడతాడు.

ఒక సంగతి చెబుతాను, తిట్టకు. సీసా పారేసేముందు నాలుగు మాత్రలు తీసి బొత్తాల డబ్బాలో దాచాను. నీ మీద నమ్మకం లేక కాదు. ఆడదాని పిరికితనం అనుకో. వాటిని ముట్టుకోను.

అక్క

ఏప్రిల్ 25

తమ్ముడూ,

మీ బావ లేడు. పదిహేడో తారీకు పోయాడు. ఇంతకంటే మెల్లిగా ఎలా రాయాలో నాకు తెలియడం లేదు.

పొద్దున్నే పెట్టె గోడకి కొట్టాడు. స్టూలు నేనే పట్టుకున్నాను. దిగి, దూరం నుంచి చూసి, కుడివైపు వేలెడు ఎత్తుగా ఉందన్నాడు. నాకు కనిపించలేదు. సరిచేస్తానని మళ్లీ స్టూలు మీద చెయ్యి వేశాడు, అప్పుడే వచ్చింది. ఆగలేదు. ఒకటి అయిందనుకునేసరికి ఇంకోటి. తల నా ఒళ్లో పెట్టుకుని లెక్కపెట్టాను, తర్వాత లెక్క తప్పింది.

అప్పుడు తప్పు చేశాను. బొత్తాల డబ్బా తెచ్చి ఒక మాత్ర ఆయన నోట్లో పెట్టాను. మింగాడో లేదో తెలియదు. పక్కింటాయన వ్యాను తెచ్చేసరికి పెదవులు నల్లబడ్డాయి. ఆసుపత్రి గుమ్మంలోనే అయిపోయింది.

డాక్టరు "మందు సరిగా వేసుకుంటున్నాడా" అని అడిగాడు. వేసుకుంటున్నాడన్నాను. మానమన్నది ఎవరని అడిగితే నీ పేరు చెప్పాల్సి వస్తుంది, నీ ఉద్యోగానికి ఏమైనా అవుతుందేమోనని. "వేసుకుంటున్నా వచ్చిందంటే మన చేతుల్లో లేదమ్మా" అన్నాడు.

ఇరవయ్యో తారీకు నీ ఉత్తరం వచ్చింది. మూడో వారం చివర ఉన్నట్టుండి తగ్గుతుంది, ఒక పొద్దున లేచి చూస్తే ఉండదు అని రాశావు. పద్దెనిమిది రోజులు ఆగాను రా. ఇంకో మూడు రోజులు ఆగలేకపోయాను. మళ్లీ మందు జోలికి వెళ్తే అంతా బూడిదలో పన్నీరని నువ్వు ముందే చెప్పావు. నేనే ఆయన నోట్లో పెట్టాను, ఈ చేత్తోనే.

నిన్న డిపో గుమాస్తా వచ్చాడు. నువ్వు రేడియో ఫోనులో మాట్లాడావట, అంతా గరగరమందట, మందు అన్న మాటొక్కటే తెలిసిందట. "మందు ఇచ్చారా అని అడిగినట్టున్నాడమ్మా" అన్నాడు. అంత దూరం నుంచి నీకెలా తెలిసిపోయింది, నేను ఇచ్చానని?

ఒక్కటే అడుగుతాను. ఆ మాత్ర వెయ్యకపోయి ఉంటే బతికేవాడా? ఓదార్చొద్దు. ఓదార్చేవాళ్లు వీధి నిండా ఉన్నారు. నువ్వు తెలిసినవాడివి, ఉన్నది ఉన్నట్టు రాయి.

అక్క

ఏప్రిల్ 30

అక్కా,

నీ తప్పు లేదు. ముందు ఈ మాట చదువు, మిగతాది తర్వాత చదువు. ఆ మాత్ర వల్ల బావ పోలేదు. ఆ మాత్ర మానడం వల్ల పోయాడు. మాన్పించింది నేను.

నేను రాసింది పందిరికి కొట్టే మందు గురించి. మొదటి నుంచీ దాని గురించే. మందు వల్ల చేతులు వణుకుతున్నాయని నువ్వు రాస్తే, పంపు కొట్టి కొట్టి ఆ విషం ఒంటికి ఎక్కిందనుకున్నాను. పురుగుల మందు ఎక్కినవాళ్లకీ అచ్చం అలాగే వణుకు, మగత, కడుపులో తిప్పడం ఉంటాయి. ఎక్కువవుతుందని రాసింది పేనుబంక. మూడు వారాలకి తగ్గుతుందని రాసిందీ పేనుబంకే. బావ మాత్రలు నా మనసులోకే రాలేదు.

తెలియక కాదు. నీ మొదటి ఉత్తరంలోనే రాశావు. ఫిట్స్ అని, ఒక్క పూట తప్పకూడదని, అన్నీ రాశావు. నేను దెబ్బ మానిందన్న ముక్క వరకు చదివి పేనుబంక దగ్గరికి దూకాను. నీ ఉత్తరం వస్తే నా పురుగులు ఎక్కడున్నాయా అని వెతుక్కుని, అవి ఉన్న చోటే చదివేవాణ్ని. పెరట్లో కూడా మానేశాం అని రాశావు. ఆ "కూడా" మీద నా కన్ను ఆగలేదు. ఒక్క క్షణం ఆగి ఉంటే, పెరట్లో కాకపోతే ఇంకెక్కడ మానారని అడిగేవాణ్ని.

పోయిన గురువారం నీ ఏప్రిల్ పదిహేను ఉత్తరం మధ్యాహ్నమే చేతికొచ్చింది. ట్రేలు మార్చాక తీరిగ్గా చదువుదామని జేబులో పెట్టుకున్నాను. సాయంత్రం చదివేసరికి పడవ వెళ్లిపోయింది. ఆఫీసు రేడియోలో డిపోకి మాట్లాడాను. "మందు ఇవ్వమని చెప్పండి, వెంటనే ఇవ్వమని చెప్పండి" అని అరిచాను. అప్పటికి బావ పోయి ఆరు రోజులని నాకు తెలియదు.

వారమంతా సంచి సర్దుకుని కూచున్నాను. ఇవాళ పడవ వచ్చింది. ఎక్కబోతూ నీ ఉత్తరం అందుకుని అక్కడే చదివాను. అక్కా, పడవ ఎక్కలేకపోయాను. నీ మొహం చూసే ధైర్యం లేదు. పడవ నడిపే సరంగు గంట కొడుతున్నాడు, ఈ కాగితం అతని చేతికే ఇస్తున్నాను.

నన్ను తిట్టు. ఏదో ఒకటి రాయి.

తమ్ముడు

మే 10

తమ్ముడికి,

నీ ఉత్తరం అందింది. అందిన రోజు నీ పాతవన్నీ తీసి మంచం మీద వరుసగా పెట్టి చదివాను. నిజమే. మానెయ్యమన్న ఉత్తరంలో బావ అన్న మాట లేదు. చిక్కుడు అన్న మాటా లేదు. నీకు కావాల్సింది నువ్వు చదువుకున్నావు, నాకు కావాల్సింది నేను చదువుకున్నాను.

నా తప్పు లేదన్నావు. ఆ మాట కోసమే కదా అడిగాను. చదివితే తేలికపడతాననుకున్నాను. పడలేదు. నేనే చంపుకున్నాననుకున్నన్నాళ్లు కనీసం ఆయన చావుకి ఒక కారణం ఉండేది. నా పిరికితనం అనో, తొందర అనో తిట్టుకునేదాన్ని. ఇప్పుడు అదీ పోయింది. ఒక మాట అటు పోవాల్సింది ఇటు వచ్చింది, అంతే. అంతమాత్రానికే మనిషి పోతాడా? ఎవరిని అడగను?

ఆసుపత్రికి వెళ్లి డాక్టరుకి నిజం చెప్పాను. ఆయన తిడతాడని సిద్ధపడి వెళ్లాను. తిట్టలేదు. "వణుకు వస్తోందని ఒక్కసారి వచ్చి చెప్పి ఉంటే మోతాదు తగ్గించేవాణ్నమ్మా" అన్నాడు. ఆసుపత్రి మన ఇంటికి మూడు వీధుల అవతలే. నేను నిన్ను అడగడానికి సముద్రం దాటించి ఉత్తరం పంపాను.

నీ మీద కోపం వస్తుందేమోనని చూశాను. రావడం లేదు. నువ్వంటే ఏమీ అనిపించడం లేదు. నిన్ను ఎత్తుకుని పెంచినదాన్ని, ఇలా రాయాల్సి వస్తుందనుకోలేదు. రావాలనుకుంటే రా. తలుపు తీస్తాను, అన్నం పెడతాను. మాట్లాడమని మాత్రం అడగొద్దు.

నిన్న పక్కింటావిడ చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్లింది. మూడు వారాలుగా నేనటు వెళ్లలేదు. పేనుబంక లేదు. వెతికినా ఒక్కటి లేదు. ఆకు ఆకుకీ నీ ఎర్ర పురుగులు. పెట్టెలో చాలా చిల్లులకి మట్టి పూసి ఉంది, లోపల గుడ్లు పెట్టాయట. నువ్వు రాసినవన్నీ నువ్వు రాసినట్టే, నువ్వు చెప్పిన రోజులకే జరిగాయి. పందిరి విరగ్గాసింది. ఇన్నేళ్లలో ఇంత కాపు ఎప్పుడూ చూడలేదు. కొయ్యమని ఆవిడ బుట్ట తెచ్చి ఇచ్చింది. చెయ్యి ఎత్తలేకపోయాను. కాయలన్నీ ముదిరిపోతున్నాయి.

అక్క